గోడ ఆరిందా

నాలుగేళ్ళలో మా ఇంటికి మూడుసార్లు రంగు పడింది. మొదటిది లేత ఆకుపచ్చ. ఒక వానాకాలం గడిచేసరికి బుడగలు కట్టి, పెచ్చులు పెచ్చులుగా ఊడి పక్కల మీద రాలింది. రెండోది గులాబీ. కొట్టువాడు డబ్బా మూత మీద తట్టి, "ఇది వేస్తే పదేళ్ళపాటు మళ్ళీ గోడ వైపు చూడరమ్మా" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ గోడ వైపు నిజంగానే చూడబుద్ధి కాలేదు. ఇక బయటివాళ్ళని నమ్మకూడదని మూడోసారి మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టి తనే వేశాడు. ఆయన బస్సు డ్రైవరు. బస్సుకి ఏది వేస్తారో ఇంటికీ అదే వేస్తే నిలుస్తుందని ఆయన నమ్మకం. మీగడ రంగు నూనె పెయింటు తెచ్చి గోడలన్నిటికీ దట్టంగా పట్టించాడు. ఆర్నెల్లు మా ఇల్లు కొత్త బస్సులా మెరిసింది. ఆ తర్వాత ఉత్తరపు గోడ మీద ఎవరో కలం విదిలించినట్టు నల్లటి చుక్కలు లేచాయి.

మాది ఏడాదిలో పది నెలలు చెమటలు కారే ఊరు. ఉప్పు డబ్బాలోనే గడ్డకడుతుంది. చెప్పులు మూల పడేస్తే వారంలో బూజు పడతాయి. గోడలకి రంగు నిలవకపోతే ఇక్కడెవరూ ఆశ్చర్యపోరు, "ఈ ఊళ్ళో అంతే" అనేసి ఊరుకుంటారు. చెడింది గోడ ఒక్కటే అయితే నేనూ ఊరుకునేదాన్ని.

ఉత్తరపు గది మా పిట్టది. పిట్ట అంటే మా కూతురు, ఎనిమిదేళ్ళది. నిద్రలో తప్ప నోరు మూయదు కాబట్టి ఆ పేరు అంటుకుంది. ఇల్లంతా ఉడికిపోతున్నా ఆ గది కాస్త చల్లగా ఉంటుందని, ఒక్కగానొక్క పిల్లని, ఏరి కోరి ఆ గది దానికిచ్చాం. పొద్దున్నే లేచి కిటికీ అద్దం మీద కమ్ముకున్న మంచులాంటి తడి మీద వేలితో పిల్లుల బొమ్మలు గీసేది. మీసాలు మాత్రం చాలా శ్రద్ధగా గీసేది. చూసి మురిసిపోయేవాళ్ళం. అలా మురిసినందుకు ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దగ్గు మెల్లగా మొదలైంది. ముందు జలుబన్నారు, తర్వాత దుమ్మన్నారు. ఈ ఏడాది సెలవులకి ముందు మాత్రం మెట్లెక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. డాక్టరమ్మ దాని వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, మందుల కాగితం రాయకముందే, "ఇంట్లో గోడలకి బూజుందా?" అని అడిగింది. ఉందన్నాను. "అది బాగుపడేదాకా పిల్లని ఆ ఇంట్లో పడుకోబెట్టకండి. నేనిచ్చే మందు ఒక చేత్తో ఇస్తుంటే, ఆ గోడ రెండో చేత్తో లాక్కుంటుంది" అంది.

పిట్టని మా అక్క వాళ్ళింటికి పంపాం. బస్సులో నాలుగు గంటల దూరం, కొంచెం పొడి ఊరు. పది రోజుల్లో దగ్గు తగ్గింది. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేసేది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "అమ్మా, గోడ ఆరిందా?" అదే మొదటి మాట.

ఒకరోజు ఫోను అక్క తీసుకుంది. "మా వీధి చివరే బడి ఉందే. సీటు కూడా ఉందంటున్నారు. ఈ ఏడాదికి దీన్నిక్కడే చేర్పించేద్దాం. నీ గోడ సంగతి నువ్వు నిదానంగా చూసుకుందువు గానీ" అంది. అక్క మంచికే అంది. పిల్లని కళ్ళలో పెట్టుకుని చూస్తోంది కూడా. అయినా నాకు ఒళ్ళు మండింది.

"బడి తెరిచే రోజుకి నా పిల్ల నా ఇంట్లో ఉంటుంది" అన్నాను.

"ఏడు వారాలే ఉంది."

"ఏడు వారాలు చాలు."

ఫోను పెట్టేశాక ఉత్తరపు గోడ ముందుకెళ్ళి నిలబడ్డాను. నాకు ముక్కు మీద కోపమని వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఈసారి ఆ కోపాన్నంతా ఒక్క గోడ మీద పెడదామనుకున్నాను.

నేను ఇస్త్రీ చేస్తాను. ఒక హోటలు వాళ్ళు నాలుగేళ్ళ నుంచి దుప్పట్లు, గలీబులు, చేతి రుమాళ్ళు ఉతికి, ఆరీ ఆరని మూటలు నాకు పంపుతున్నారు. ముందు గదిలో బల్ల, దాని మీద ఆవిరి ఇస్త్రీపెట్టె. మధ్య గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నాలుగు తీగలు. తెల్ల దుప్పటి మీద రోడ్డు మసి పడితే హోటలు వాళ్ళు తిప్పి పంపేస్తారు కాబట్టి కిటికీలు మూసుకునే పని చేస్తాను. ఇంకో ఇస్త్రీపెట్టె కొని, పనికి ఒక మనిషిని పెట్టుకోవాలని డబ్బు కూడబెట్టాను. అది గోడకి వెళ్ళిపోయినా సరే అనుకున్నాను.

ముగ్గురు పెయింటర్లని పిలిచాను. మొదటతను గుమ్మంలోనే రంగుల కార్డు విప్పాడు. గదులెన్నో అడిగి, ఇరవై నాలుగు వేలు, నాలుగు రోజులన్నాడు. రెండో అతను ఇరవై తొమ్మిది వేలు, మూడు రోజులన్నాడు. వాన చినుకు పడితే బంతిలా ఎగిరిపడే కొత్త రకం రంగు వచ్చిందని చెప్పి, అరచేతిలో స్వర్గం చూపించాడు. మూడో ఆయన్ని మా వైపు అందరూ రేపు మేస్త్రి అంటారు. ఎప్పుడు వేస్తావయ్యా అంటే "రేపు చూద్దాం" అంటాడట. అరవై దాటినవాడు, బక్కమనిషి, కళ్ళజోడు. లోపలికొస్తూనే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఉత్తరపు గోడని వేలి కణుపులతో తలుపు తట్టినట్టు తట్టి, చెవి ఆనించి విన్నాడు. వాసన చూశాడు. తిరిగి ముందు గదిలోకొచ్చి మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ధర పెంచడానికి ముసలాయన తాత్సారం చేస్తున్నాడనుకున్నాను.

"నలభై ఒక్క వేలవుతుందమ్మా" అన్నాడు.

"రంగులో బంగారం కలుపుతావా ఏంటి?"

"రంగు పదమూడు వేలే. మిగతాదంతా గీకడానికి, కడగడానికి. మూడుసార్లు ఒకదాని మీద ఒకటి వేశారు కదా, మూడూ దించాలి. ఈ ఊళ్ళో వేసే కూలికన్నా తీసే కూలే ఎక్కువ."

"ఎన్నాళ్ళు?"

"గోడ ఎప్పుడు ఆరితే అప్పుడు. ఊరికే ఆరే రోజులకి మాత్రం నేను కూలి తీసుకోను."

ఆ చివరి మాటకి పడిపోయాను. ఇంటికి రంగు వేయడానికి ఇంతమందిని చూశాను గానీ, ఆరడం అనేది కూడా పనేనని చెప్పినవాడు ఈయనొక్కడే. పిల్ల దగ్గు సంగతీ, బడి ఏ తేదీకి తెరుస్తారో చెప్పి, సరేనన్నాను.

వెడల్పాటి రేకు పెట్టి ఆరు రోజులు గీకాడు. మా ఆయన వేసిన నూనె రంగు అట్టల్లా, పొడుగ్గా ఊడి వచ్చింది. దాని వెనక చెమ్మ. ఆయన డ్యూటీ దిగి వచ్చి, నేల మీద పడున్న తన రెండు రోజుల సెలవుని చూసుకుని, "పోన్లే, బస్సుకైతే బాగానే ఉంటుంది" అన్నాడు. దాని కింద గులాబీ, ఆ కింద ఆకుపచ్చ, ఆ కింద మా అత్తగారి కాలం నాటి తెల్ల సున్నం. సున్నం కనపడగానే మేస్త్రి చెయ్యి ఆపాడు.

"సున్నం ఉన్నప్పుడు బూజు పట్టేదా అమ్మా?"

"లేదు. అప్పుడంతా బాగానే ఉండేది."

"నాలుగేళ్ళ కిందట ఈ ఇంట్లో కొత్తగా ఏం వచ్చింది?"

ఈ ప్రశ్నకి జవాబు నా నాలుక చివరే ఉంది. "ఇంట్లో కాదు, పక్కింట్లో వచ్చింది. ట్యాంకు" అన్నాను.

పక్కింటావిడని నేను ట్యాంకావిడ అంటాను. ఆవిడ ఒక బడిలో గుమస్తా, పిల్లల సెలవుల్లోనూ ఆఫీసుకి వెళ్ళాలి. అంతకుముందు ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. సరిగ్గా మా గోడ చెడడం మొదలైన ఏడాదే ఆవిడ డాబా మీద, మా ఉత్తరపు గోడకి మూరెడు దూరంలో పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టించింది. దాని చెమ్మే మా గోడలోకి దిగుతోందని రెండేళ్ళు మర్యాదగా చెప్పాను. కారడం లేదంది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు ముందు జనం వరసలో నిలబడి ఉండగా, ఆవిడ గేటు ముందు నిలబడి నోటికొచ్చినట్టు అన్నాను. నా పిల్ల ఊపిరి తీస్తున్నారన్నాను. ఆవిడ ఒక్క మాట తిరిగి అనకుండా తలుపేసుకుంది. అప్పట్నుంచి మా రెండు ఇళ్ళ మధ్య మాటల్లేవు.

మేస్త్రిని లాక్కుని మా డాబా ఎక్కించాను. ఆయన పిట్టగోడ మీంచి వంగి, ట్యాంకు అడుగున చెయ్యి పెట్టి చూశాడు, మా గోడ బయటి వైపు పైనుంచి కిందిదాకా తడిమాడు. "పొడిగా ఉందమ్మా" అన్నాడు.

"ఇప్పుడుంటుంది. కారేది లోలోపల."

"రేపు చూద్దాం" అన్నాడు.

గోడని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి పది రోజులు వదిలేశాడు. ఆ పది రోజులూ నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రోజూ వచ్చేవాడు, కళ్ళజోడు తుడుచుకునేవాడు, గోడని తట్టేవాడు, వెళ్ళిపోయేవాడు. పదకొండో రోజు హోటలు మూటల నుంచి ఒక ప్లాస్టిక్ కవరు అడిగి తీసుకుని, రెండు జానల ముక్క కత్తిరించి, గాలి చొరకుండా నాలుగు అంచులా టేపు వేసి ఉత్తరపు గోడకి అంటించాడు.

"గోడలో నీళ్ళుంటే ఈ ప్లాస్టిక్ వెనక చేరతాయి. అప్పుడు ట్యాంకు సంగతి, పునాది సంగతి చూద్దాం. పొద్దున వస్తాను" అన్నాడు.

నాకు చాలా సంబరంగా ఉంది. పొద్దున్నే ఆ ముక్క వెనక నీళ్ళు కనపడతాయి, దాన్ని ఫొటో తీసి ట్యాంకావిడ గేటుకి అంటిస్తాను. ఏ టేపు వాడాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

తెల్లారి మేస్త్రి వచ్చేసరికి నేను అప్పటికే గోడ ముందున్నాను. ప్లాస్టిక్ మీద నీటి చుక్కలు నిండుగా ఉన్నాయి. "చూశావా" అన్నాను. ఆయన చూపుడు వేలితో ప్లాస్టిక్‌ని పైనుంచి కిందికి రాశాడు. వేలు తడిసింది, వేలు వెళ్ళిన దారంతా చుక్కలు చెరిగిపోయాయి. టేపు పీకి ముక్కని గోడ నుంచి విడదీశాడు. వెనక వైపు పొడిగా ఉంది. నా చెయ్యి పట్టి ఆ ముక్క ఉన్న చోట గోడ మీద పెట్టించాడు. అక్కడా పొడిగానే ఉంది.

"నీళ్ళు గోడలోంచి రావట్లేదమ్మా. గది గాల్లోంచి వచ్చి గోడ మీద కూర్చుంటున్నాయి. ఇల్లంతటిలో చల్లటి గోడ ఇదే కదా, అందుకని అన్నీ ఇక్కడికే చేరుతున్నాయి."

"ఈ ఊరి గాలే అంత."

ఆయన తన కళ్ళజోడు తీసి నాకు చూపించాడు. అద్దాలు రెండూ తెల్లగా మసకబారి ఉన్నాయి. "ఊళ్ళో పది ఇళ్ళకి తిరుగుతాను. మీ ఇంటి గడప దాటినప్పుడే ఇలా అవుతుంది" అన్నాడు. ముందు గదిలో బల్ల మీద ఇస్త్రీపెట్టె బుస్సుమంటోంది. మధ్య గదిలో నలభై దుప్పట్లు తడితడిగా వేలాడుతున్నాయి. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఈ ఇల్లు నడిచేదే ఆ ఆవిరి మీద. పిల్ల ఫీజు, మందులు, నీకిచ్చే కూలి, అన్నీ దాని మీదే. దాన్నెలా తప్పుబడతావు?"

"తప్పనలేదమ్మా. మీరు వేయమంటే రేపే వేసేస్తాను. రెండేళ్ళకి మళ్ళీ నన్నే పిలుస్తారు, నాకూ పనుంటుంది." కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. "మీరు మొదటిరోజు పిల్ల సంగతి చెప్పారు కాబట్టి అంటున్నాను."

ఆయన వెళ్ళిపోయాడు. ముసలాయన చెప్పాడని నమ్మేయడానికి నాకు మనసొప్పలేదు, అలాగని కొట్టిపారేయడానికీ లేదు. నా కళ్ళతో చూడాలి. హోటలుకి ఫోను చేసి పెట్టె చెడిపోయిందని అబద్ధమాడి మూడు రోజులు గడువు అడిగాను. తీగల మీదివన్నీ తీసేశాను. నాలుగేళ్ళుగా తియ్యని కిటికీ గడియలు తుప్పు పట్టి ఉంటే మా ఆయన సుత్తితో కొట్టి తీశాడు. కొత్త ప్లాస్టిక్ ముక్క అంటించాను. మర్నాడు పొద్దున దాని మీద ఒక్క చుక్క లేదు. రెండో పొద్దున కూడా లేదు. మూడో రోజు కిటికీలు మూసి, మామూలుగా ఇస్త్రీ చేశాను. నాలుగో పొద్దున ముక్క నిండా చుక్కలు.

అక్కడే నేల మీద కూలబడ్డాను. నాలుగేళ్ళుగా పక్కింటి ట్యాంకుని తిట్టుకుంటూ, నా పిల్ల పడుకున్న గదిలోకి నా చేత్తోనే ఆవిరి పంపిస్తున్నాను. హోటలు పని దొరికిందన్న సంతోషంలోనే మొదటి రంగు వేయించాం. అదీ ఇదీ ఒకే నెల. కళ్ళెదుటే ఉంది, ఒక్కరోజు తట్టలేదు. పిల్ల అద్దం మీద గీసిన పిల్లులన్నీ నా ఇస్త్రీపెట్టె నీళ్ళే. ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని, "నేను దాని మీద నూనె రంగు కూడా వేశాను కదా, నీ ఒక్కదానిదే ఎలా అవుతుంది" అన్నాడు. అది ఓదార్పో, వాటా అడగడమో నాకు అర్థం కాలేదు గానీ ఏడుపు ఆగింది.

"పని మానేస్తావా?" అన్నాడు.

"మానను. పిల్ల రావాలి, పని ఉండాలి. బల్ల బయటికి పోవాలి."

బయటంటే ఎక్కడ? మా అరుగు మీద మంచం కూడా పట్టదు, పైగా రోడ్డు మసంతా అక్కడే దిగుతుంది. డాబా మీద వాన. గది అద్దెకి తీసుకుంటే హోటలిచ్చేది అద్దెకే సరి. ఇల్లు చుట్టూ రెండుసార్లు తిరిగాను. మూడోసారి తిరుగుతుంటే పెరటి గోడ అవతల రేకుల షెడ్డు కనపడింది. రోజూ కనపడేదే. ఇంటి వెనకుంది కాబట్టి రోడ్డు మసి అక్కడిదాకా రాదు. మూడు వైపులా తెరిచి ఉంటుంది, గాలి ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. ఒకప్పుడు కారు పెట్టేవాళ్ళు, కారు అమ్మేశాక నాలుగు విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. అది ట్యాంకావిడది.

"నేను వెళ్ళి అడగనా?" అన్నాడు మా ఆయన.

"అన్నది నేను. నేనే వెళతాను."

సాయంత్రం ఆవిడ బడి నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. నన్ను చూసి ఆవిడ మొహంలో ఏ కదలికా లేదు. షెడ్డు అద్దెకివ్వమని అడగడానికి వచ్చానని, ఎందుకో కూడా, ప్లాస్టిక్ ముక్క సంగతితో సహా చెప్పేశాను.

ఆవిడ అంతా విన్నది. "అయితే మా ట్యాంకు కారడం లేదు."

"లేదు."

"ఇక్కడ నాకొక్కదానికి చెబితే ఎలా? ఆ రోజు అక్కడ నిలబడి చెప్పారు" అని వీధి వైపు చూపించింది. రొట్టెల కొట్టు ముందు వరస ఉంది. పదిహేను మంది దాకా ఉంటారు, సగం మంది ఆనాటివాళ్ళే.

ఒక్క క్షణం వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. మొహం చెల్లకపోవడం అంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది. గడియారం చూస్తే ఆరు కావస్తోంది. ఇంకాసేపటికి ఫోను మోగుతుంది, గోడ ఆరిందా అని అడుగుతుంది.

వీధిలోకి నడిచాను. "అందరూ వినండి" అన్నాను. తలలు తిరిగాయి. "రెండేళ్ళ కిందట ఇక్కడ నిలబడి, మా గోడ చెమ్మకి వీళ్ళ ట్యాంకు కారణమన్నాను. అది తప్పు. కారణం నా ఇస్త్రీ ఆవిరి. ఆవిడ తప్పేమీ లేదు."

కొట్టులోంచి రొట్టెలాయన తల బయటపెట్టి, "పొయ్యి మోతలో వినపడలేదమ్మా, ఇంకోసారి చెప్పు" అన్నాడు. నిజంగా వినపడలేదో, ఆ రోజు నేను పెట్టిన కేకల వల్ల పోయిన బేరానికి బదులు తీర్చుకున్నాడో తెలియదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను.

తిరిగొచ్చేసరికి ఆవిడ గేటు తీసి పట్టుకుని ఉంది. "కరెంటు మీ మీటరు నుంచే లాక్కోండి. కుర్చీలు మీరే తీయించుకోవాలి. అద్దె నెల మొదట్లో ఇవ్వాలి" అంది. అన్నిటికీ తలూపాను. వెళ్ళబోతుంటే మెల్లగా అడిగింది, "పిల్లెక్కడుంది వదినా? నెల రోజుల పైనుంచి గోడ అవతల దగ్గు వినపడటం లేదు. నాకు భయమేసింది. అడుగుదామంటే మనకి మాటల్లేవు."

అక్క వాళ్ళింట్లో ఉందని, బాగానే ఉందని, వస్తుందని చెప్పాను. ఆవిడ పవిట కొంగుతో మొహం తుడుచుకుంది. వదినా అన్న పిలుపుకి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి వంట చేస్తూ మాత్రం నాలో నేనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాను.

రెండు రోజుల్లో బల్ల షెడ్డులోకి వెళ్ళింది. మధ్య గదిలో తీగలు పీకి షెడ్డులోనే కట్టాను. రేకుల కింద పది గంటలు దాటితే మనిషి మాడిపోతుంది, కాబట్టి పొద్దున ఐదింటి నుంచి పదింటిదాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఏడుదాకా పని. వానజల్లు కొట్టకుండా చిరిగిన దుప్పట్లు పరదాలుగా కట్టాను. మొదటి వారం పదకొండు దుప్పట్ల మీద ఆకుల మరకలు పడ్డాయని హోటలు వాళ్ళు తిప్పి పంపారు. నా చేతులతో మళ్ళీ ఉతికాను. సగం రోజు పోతుంది కాబట్టి పని మూడోవంతు తగ్గింది. రెండో ఇస్త్రీపెట్టె ఊసు ఇప్పట్లో ఎత్తే పని లేదు. రంగు ఖర్చెంతని వీధిలో అడిగినవాళ్ళకి నలభై ఒక్క వేలనే చెబుతున్నాను, మిగతాది చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది.

వారం తర్వాత మేస్త్రి వచ్చాడు. గడప దాటి లోపలికొచ్చి ముందు గది మధ్యలో నిలబడ్డాడు. చెయ్యి అలవాటుగా కళ్ళజోడు మీదికి వెళ్ళింది, తియ్యకుండానే దిగింది. ఉత్తరపు గోడని తట్టి విన్నాడు. ప్లాస్టిక్ ముక్కకి రెండు వైపులా వేలు రాశాడు.

"ఎప్పుడు మొదలుపెడతావు మేస్త్రీ?" అన్నాను.

"ఈరోజే" అన్నాడు. లోపల అన్నం తింటున్న మా ఆయన ముద్ద పట్టుకుని బయటికొచ్చాడు, ఆ మాట ఎవరన్నారో చూడడానికి.

ఒక పూట ప్రైమర్, రెండు రోజులు లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దడం, కోటుకీ కోటుకీ మధ్య ఆయన పట్టుబట్టి ఆపిన రోజులు. రంగు పిట్ట ఫోనులోనే చెప్పింది. పసుపు కావాలంది, కానీ మరీ పసుపు కాదు, కోడిపిల్ల పసుపు కావాలంది. మేస్త్రి ఒక్కసారి కూడా నవ్వకుండా విని, మూడు రకాలు కలిపి కోడిపిల్ల పసుపు తెచ్చాడు. చివరి కోటు వేసి ఆయన కుంచెలు కడుక్కున్న సాయంత్రం ఆరింటికి ఫోను మోగింది.

"అమ్మా, గోడ ఆరిందా?"

"ఆరింది. వచ్చేయ్" అన్నాను.

అటువైపు ఫోను కింద పడేసి పరిగెత్తిన చప్పుడు వినపడింది. తర్వాత అక్క ఫోను తీసుకుని, "సంచీ సర్దేస్తోందే. ఇప్పుడే బయల్దేరతానంటోంది" అంది. ఇన్నాళ్ళూ నేను లేని చోట నా పిల్లని కాపాడింది అక్కేనని, నేనేమో ఫోనులో తన మీద విరుచుకుపడ్డానని అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు కూడా నాలుగు రోజులుండేలా రా అక్కా అన్నాను.

రంగు వాసన పోవడానికి నాలుగు రోజులు ఆగి, బడి ఇంకా మూడు రోజుల్లో తెరుస్తారనగా ఇద్దరూ మా ఆయన నడిపే బస్సులోనే దిగారు. పిట్ట గోడలన్నిటికీ అరచేతులు ఆనించి చూసింది. షెడ్డులోకి పరిగెత్తి బల్ల చూసింది, మా వదిన డాబా ఎక్కి ట్యాంకు చూసింది, రొట్టెల కొట్టుదాకా వెళ్ళి వచ్చింది. ఇంత తిరిగినా దగ్గలేదు. నేను పైకి ఏమీ అనకుండా లెక్కపెడుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఐదింటికి నేను షెడ్డుకి వెళ్ళబోతుంటే దాని గదిలోంచి చప్పుడైంది. వెళ్ళి చూస్తే మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కిటికీ ఒక రెక్క తెరిచి ఉంది, మూసి ఉన్న రెక్క అద్దం మీద వేలితో గీస్తోంది. గీసింది, చూసింది, మళ్ళీ గీసింది. నా వైపు తిరిగి, చిన్నబోయిన మొహంతో, "పిల్లి రావడం లేదమ్మా" అంది.

అద్దం మీద చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది, చల్లగా ఉంది. నా చెయ్యి అక్కడే కాసేపు ఉంచాను, మొహం దానికి కనపడకుండా.

"ఇక దాని మీద రాదు. కాగితాలు తెస్తాను, షెడ్డులోకి వచ్చి నా పక్కన కూర్చుని వేసుకో" అన్నాను.

"మీసాలకి నల్ల పెన్సిల్ కావాలి" అంది.

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు నల్ల పెన్సిల్ వెతకడానికి లోపలికి వెళ్ళాను.